ముందు అడిగి, తరువాత ఇచ్చిన వారికి మా లంక కృతజ్ఞతలు

ఈ మాటలు జులై నెలాఖరుకే రాయవలసినవి. ఇళ్ళలోని బురద ఎత్తిపోసుకోవడంలో కొన్నాళ్ళు గడిచాయి. ఈలోగా ఆగస్టులో గోదావరి మళ్ళీ పెరిగి మా కాజ్‌వే మరోసారి మునగడంతో ఇంకొన్నాళ్ళు గడిచాయి. ఆలస్యానికి మన్నించమని కోరుతూ, 2022 జులై వరదలో మా లంక (ఏటి నడుమ దిబ్బ మీది ఊరు) లోని 43 కుటుంబాలకు అండగా నిలిచిన స్వచ్ఛంద సేవా సంఘం సభ్యులకు, వారి పిలుపు విని డబ్బు, వస్తువులు, శ్రమ ఇచ్చిన ప్రతి ఒక్కరికీ మా అందరి తరఫున చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పేర్లు రాయవద్దని సంఘం వారు గట్టిగా చెప్పారు కనుక ఎవరి పేరూ రాయడం లేదు. చదువుతుంటే ఎవరి పని వారికి తెలిసిపోతుంది.

మా లంక గోదావరి వైనతేయ పాయలో ఉంది. డెల్టాను కాపాడే ఏటిగట్టుకు లోపల, అంటే నది వైపున ఉన్న ఊళ్ళలో మాది ఒకటి. గట్టు బయట ఉన్నవారికి వరద ఒక వార్త, మాకు ఇంటికి వచ్చే చుట్టం. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే కనుక మా పెద్దవాళ్ళు భద్రాచలంలో మట్టం ఎంతో తెలుసుకుని, మర్నాటికి మా రేవు మెట్లు ఎన్ని మునుగుతాయో వేళ్ళ మీద లెక్క కడతారు. ఈసారి ఆ లెక్క తప్పింది. జులైలో, అదీ సార్వా (తొలి పంట వరి) నారుమళ్ళు ఇంకా పూర్తి కాని రోజుల్లో, ఇంత నీరు వస్తుందని ఎవరూ అనుకోలేదు. 16వ తేదీన భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 17 లక్షల క్యూసెక్కులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు, అటువంటిది 25 లక్షలకు పైగా కిందికి వదలవలసి వచ్చింది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చిన వరదను చూసిన మా నాన్నగారు మాత్రం, అప్పటి నీటి గుర్తు రామాలయం గోడ మీద ఇంకా పైనే ఉందని చెబుతూ మాకు ధైర్యం చెప్పారు. అరుగు మీద మూడు అడుగుల నీరు నిలిచిన మనిషికి ఆ ధైర్యం ఎంతవరకు పనికివస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

సంఘం నుంచి మొదటి ఫోన్ వచ్చినప్పుడు నేను గట్టు మీద టార్పాలిన్ కింద ఉన్నాను. అవతల మాట్లాడిన అమ్మాయి తమ సంఘం ఏమిటో రెండు ముక్కల్లో చెప్పి, "మీకు ఇప్పుడు ఏం కావాలండీ?" అని అడిగింది. నేను అలవాటుగా బియ్యం అనబోయాను. పక్కనే ఉన్న నాన్నగారు ఫోన్ అందుకుని, "ఆయ్, బియ్యం గవర్నమెంటోళ్ళు ఇస్తామన్నారండి, గడ్డి పంపండమ్మా, గొడ్లు మాడిపోతన్నాయి" అన్నారు. ఆ అమ్మాయి ఆశ్చర్యపోయినా మారు మాట అనలేదు. ఎన్ని పశువులు ఉన్నాయి, గట్టు మీద ఎన్ని, లంక మెరక మీద చిక్కుకున్నవి ఎన్ని, వాటిలో పాలిచ్చేవి, చూడివి ఎన్ని అని అడిగి రాసుకుంది. నిజానికి ప్రభుత్వం తరఫున కుటుంబానికి 25 కిలోల బియ్యం, కందిపప్పు, పామాయిల్, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ప్రకటించారు. మనుషుల తిండి గురించి పదిమందీ ఆలోచిస్తున్నారు, గొడ్ల మేత గురించి మాత్రం మాకు తప్ప ఎవరికీ తట్టలేదు. గడ్డిమేట్లు అడుగు నుంచి నాని కుళ్ళిపోయాయి. పచ్చిమేత ఒండ్రు పట్టి బూడిద రంగుకు తిరిగింది, అది తిన్న పశువు మర్నాడు పారుకుంటుంది. మా చూడిగేదె రెండు రోజులు కుడితి మాత్రమే తాగి, మూడో రోజు దానికీ మూతి తిప్పేసింది.

మండపేట వైపు పల్లెల రైతులు దాళ్వా (రెండో పంట వరి) గడ్డి ఇచ్చారు. వాళ్ళ పశువులకు దాచుకున్న గడ్డి అది, సార్వా కోతల దాకా మళ్ళీ వారికీ గడ్డి రాదు. ట్రాక్టరు మీద గట్టు దాకా వచ్చిన మోపులను మెరక మీద ఉన్న 19 పశువులకు పడవ మీద చేర్చవలసి వచ్చింది. గడ్డికి బరువు ఉండదు కదా, ఒక్క విడతలో అయిపోతుందని వచ్చిన కుర్రవాళ్ళు అనుకున్నారు. మోపులు ఎత్తుగా పేర్చితే వాటికి గాలి తగిలి పడవ ఒరిగిపోతుందని సరంగు, అంటే పడవ నడిపేవాడు, అన్నీ దింపించి, చిన్న మోపులుగా విప్పించి, పడవ అంచు దాటకుండా పరిపించాడు. ఆ విధంగా రోజుకు నాలుగు విడతల చొప్పున ఐదు రోజులు తిరిగాడు. డీజిల్ డబ్బు తప్ప కిరాయి తీసుకోలేదు. సంఘం వారు బలవంతంగా జేబులో పెట్టబోతే, "మా అక్కని ఇచ్చిన ఊరండి ఇది" అని చెయ్యి అడ్డం పెట్టాడు. తొలి మోపు విప్పగానే మా గేదె వాసన చూసి, నాలుక చాచి, నాలుగు పరకలు లాక్కున్నప్పుడు, మొన్నటి దాకా దాని వంక చూడలేకపోయిన మా అమ్మ అక్కడే బురదలో కూలబడి ఏడ్చింది. గేదె ఆగస్టులో ఈనింది, పెయ్యదూడ.

భోజనాల సంగతి కూడా చెప్పాలి. మొదటి రోజు పొద్దున వండి పంపిన సాంబారన్నం రెండు పడవలు మారి మెరక మీదికి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటింది, అప్పటికే పులిసిపోయింది. పెట్టినవారిని తప్పుపట్టకూడదని మా వాళ్ళు చెప్పడానికి మొహమాటపడ్డారు. నేను ఉండబట్టలేక ఆ అమ్మాయికి ఫోన్ చేసి ఉన్న మాట చెప్పాను. నొచ్చుకుంటుందేమోనని భయపడ్డాను కానీ, చెప్పినందుకు ఆమే నాకు కృతజ్ఞతలు చెప్పింది. మర్నాటి నుంచి వంటలో కూర్చున్న డ్వాక్రా సంఘం మహిళలు పులిహోర, పెరుగు కలపని దద్దోజనం అంటూ నవ్వుకునే తెల్లన్నం, విడిగా మజ్జిగ పొట్లాలు, ఊరగాయ పంపారు. పులిహోర సాయంత్రం దాకా చెడదు. తెల్లవారుజామున మూడింటికి లేచి చింతపండు పిసికిన ఆ చేతులను మేము చూడలేదు. ఈ మాటలు వారికి ఎవరైనా చదివి వినిపించాలని కోరుతున్నాను.

అయితే మేము జీవితాంతం తలచుకునేది గడ్డినో పులిహోరనో కాదు, బురద రోజులను. వరద ఉన్నప్పుడు వచ్చేవారు చాలామంది ఉంటారు. నీరు తీసిన తరువాత ఊరి ముఖం చూసేవారు తక్కువ. ఒండ్రు సంగతి తెలిసినవారికి తెలుస్తుంది: నీరు తీస్తున్నప్పుడే, దానితో పాటే బురదను గడప దాటించాలి. ఆ ఒక్క పూట దాటితే అది ఎండి బిగుసుకుపోతుంది, ఆ తరువాత గడ్డపార పట్టినా గచ్చు పెచ్చులు లేస్తుంది కానీ బురద లేవదు. ఈ మాట మా బాబాయి చెప్పగా విని, మేము ఫలానా రోజు నీరు తీస్తుందని అంచనా చెప్పిన రోజునే 28 మంది వచ్చారు. అందులో సగం మంది కాలేజీ పిల్లలు, ఒకరిద్దరు ఆఫీసు బూట్లతోనే దిగారు. తెచ్చిన పారలు చాలకపోతే మా పిన్ని కొబ్బరి మట్టల మొదళ్ళు నరికి, ఆ వెడల్పు వైపుతో బురద ఎలా నెట్టాలో చూపించింది. తొలి గంటలో జారి పడినవారే ఎక్కువ. సాయంత్రానికి మాత్రం ఒకరు నీళ్ళు కొట్టగా ఒకరు మట్టతో నెట్టగా వరుసగా పదకొండు ఇళ్ళు కడిగేశారు. మూడు రోజుల్లో అన్ని ఇళ్ళూ అయ్యాయి. ఒంటరిగా ఉంటున్న ఒక ముసలమ్మగారి ఇంట్లో దేవుడి గూటిని చేత్తో తాకవచ్చునా అని అడిగి, ఆమె సరేనన్నాకే కడిగిన పిల్లవాడిని ఆమె ఇప్పటికీ "నా మనవడు" అంటుంది.

చేతిపంపుల దగ్గర ఇద్దరు కూర్చుని తేట నీరు వచ్చేదాకా వంతులవారీగా కొట్టారు, ఆ తరువాత ఇంటింటికీ క్లోరిన్ బిళ్ళలు పంచారు. 20 లీటర్లకు ఒక బిళ్ళ వేసి అరగంట ఆగి తాగాలని చెప్పడమే కాక, మా ఇళ్ళలో బిందెలు ఎన్ని లీటర్లవో కొలిచి మరీ బిళ్ళను ఎంత వాడాలో చెప్పారు. మా లంకలో ఆ నెలలో ఒక్కరికి కూడా వాంతులు, విరేచనాలు పట్టుకోలేదు. వారితో వచ్చిన ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి రామాలయం అరుగు మీద నాలుగు రోజులు కూర్చుని, తడిసిన పాసుపుస్తకాలను కాగితానికి కాగితం విడదీసి ఆరబెట్టించి, పంట నష్టం దరఖాస్తులు రాసి పెట్టారు. పంట 33 శాతానికి తగ్గకుండా నష్టపోతేనే పెట్టుబడి రాయితీ వస్తుందని, కౌలుదారు తన పేరు విడిగా నమోదు చేయించుకోవాలని ఆయన చెప్పేదాకా మాలో చాలామందికి తెలియదు. అరటి, కంద వేసిన కౌలు రైతులు తొమ్మిది మంది ఆయన వల్లనే జాబితాలోకి ఎక్కారు.

దాతల గురించి రాయకపోతే ఇది అసంపూర్ణం. సంఘం ఖాతాలో పడిన ప్రతి రూపాయికీ రసీదు ఇచ్చారు, ఖర్చు లెక్కను రామాలయం గోడకు అంటించారు. గడ్డి కిరాయి దగ్గర 350 రూపాయలు తేడా వస్తే, తేడా అనే రాశారు. ఆ ఒక్క వరుస చూసి మా ఊరివాళ్ళకు మిగతా లెక్క మీద నమ్మకం కుదిరింది. నగదు తెచ్చినవారికి, 2,000 రూపాయలకు మించిన నగదు విరాళానికి ఆదాయపు పన్ను చట్టంలోని 80జి కింద పన్ను మినహాయింపు రాదని ముందే చెప్పి బ్యాంకు ద్వారా ఇమ్మన్నారు. కువైట్‌లో పనిచేస్తున్న మా మేనల్లుడు భారత పాస్‌పోర్టు మీదనే ఉన్నాడు కనుక, జీతంలోంచి బ్యాంకు ద్వారా అతను పంపినదానిని తీసుకున్నారు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మా బావగారు అంతకు పది రెట్లు పంపుతానంటే మాత్రం, అది విదేశీ విరాళం అవుతుందని, తమకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేదని మర్యాదగా వద్దన్నారు. బావగారికి కొంచెం కోపం వచ్చిన మాట నిజం. చివరికి ఊళ్ళోనే ఉంటున్న మా అత్తయ్యగారు తన కొబ్బరితోట కౌలు డబ్బులోంచి తనకు తోచినంత ఇచ్చారు.

ఇంకొక మాట చెప్పక తప్పదు. ఆ రోజుల్లోనే వేరే చోటి నుంచి ఎవరో మూడు బస్తాల పాత బట్టలు దింపి, ఫోటోలు తీయించుకుని వెళ్ళారు. విప్పి చూస్తే చిరిగిన చొక్కాలు, జరీ ఊడిన పట్టు పావడాలు, ఒక కోటు. వాటిని ఏం చేయాలో తెలియక చివరికి పాతిపెట్టాము. వారి ఉద్దేశం మంచిదే కావచ్చు. ఒక్క ఫోన్ చేసి అడిగి ఉంటే ఆ బస్తాల కిరాయికి మా పిల్లలకు నోటు పుస్తకాలు వచ్చేవి.

మా మండలంలోని లంకల గన్నవరమే డొక్కా సీతమ్మగారి ఊరు. 1909లో ఆమె పోయేదాకా వేళ కాని వేళ వచ్చినా ఆ ఇంట అన్నం దొరికేదని, అంతర్వేది ప్రయాణంలో ఉండగా ఎవరో తన ఇంటికి భోజనానికి వస్తున్నారని చెవిన పడి స్వామి దర్శనం మానుకుని వెనక్కి తిరిగారని మా పెద్దలు చెబుతారు. వైనతేయ మీదుగా కాలువను దాటించే అక్విడెక్టుకు ఆమె పేరే పెట్టారు. అన్నదానం అనగానే ఇక్కడ ప్రతి ఫ్లెక్సీ మీదా ఆమె బొమ్మ వేస్తారు కనుక ఆ పేరు ఎత్తడానికి నాకు సంకోచంగానే ఉంటుంది. కానీ మూడో రోజు సాయంత్రం, పని ముగించుకుని పడవ ఎక్కిన పిల్లలు, అవతలి పాకల్లో ఇంకా ఒక ఇల్లు మిగిలిపోయిందని తెలిసి సరంగును ఒప్పించి వెనక్కి తిరిగి వచ్చినప్పుడు, మా అమ్మ నోట వచ్చిన పేరు అదే.

మా వైపు నుంచి మేము చేయగలిగింది కొద్దిగా చేస్తున్నాము. ఈత, పడవ తోలడం వచ్చిన మా కుర్రవాళ్ళు ఏడుగురు సంఘంలో పేర్లు రాయించుకున్నారు. వచ్చే వరదకు మా లంకకే కాదు, ఏ లంకకు పిలిచినా వెళతారు. మిగిలిన 11,400 రూపాయలను మాకు పంచవద్దని, వచ్చే వేసవిలో దాళ్వా గడ్డి చవకగా దొరికినప్పుడు కొని గట్టు మీద మేటు వేయించమని మేమే కోరాము.

చివరగా సంఘం వారికి ఒక మనవి. మీ వంటపాత్రలలో పెద్ద గుండిగ ఒకటి, రెండు గరిటెలు మా రామాలయంలో ఉండిపోయాయి. చింతపండుతో తోమించి భద్రంగా ఉంచాము. వచ్చే ఆదివారం కొబ్బరి దింపు ఉంది, ఆ సాయంత్రమే సరంగు మీ దగ్గరికి తెస్తాడు. గుండిగను ఖాళీగా పంపితే మా అమ్మ ఊరుకోదు కనుక అందులో కాయలు ఉంటాయి, వద్దనకండి.