గ్యాసునూనె వాసన గుడ్డమూటలో ఆగదు సార్

గౌరవనీయ తెలంగాణ హోం శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది దేవరకొండ దగ్గర ఒక ఊరు. మా చెల్లె అత్తగారింట్లో కాలి చనిపోయింది. స్టవ్ అంటుకుందని వాళ్లన్నారు. పంచనామా రోజు ఆమె భర్త చొక్కా కుడిచేతి మడత విప్పగానే గ్యాసునూనె (కిరోసిన్) వాసన గుప్పుమంది. నాతోపాటు పంచనామా సాక్షులకూ తెలిసింది. అతనే పోశాడో, ఆర్పబోతే అంటిందో తేలాలనే మేం అడిగాం. ఆ చొక్కానూ చెల్లె చీర ముక్కలనూ ఒకే తెల్లగుడ్డలో చుట్టి, కొవ్వొత్తి మీద లక్క కరిగించి సీలు వేశారు. మూట రెండు నెలలు స్టేషన్‌లో బీరువా మీదే ఉంది. చివరికి ఫోరెన్సిక్ ల్యాబ్ నుంచి వచ్చిన రిపోర్టులో ఒకటే మాట: 'పెట్రోలియం ఆనవాళ్లు లేవు.'

ల్యాబ్‌ను నేను తప్పుపట్టను. రక్తం అంటిన బట్టలను ఆరబెట్టి కాగితంలోనో గుడ్డలోనో కట్టాలి, లేకపోతే బూజు పడతాయి. కిరోసిన్, పెట్రోల్ అంటిన బట్టలకు దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పద్ధతి. గాలి తగిలితే ఆవిరైపోతాయి, పెట్రోల్ అయితే మరీ తొందరగా. మామూలు పాలిథిన్ కవర్లోంచి కూడా ఆవిరి మెల్లగా బయటికి పోతుంది. గట్టి మూత ఉన్న కొత్త రేకు డబ్బా గానీ గాజు సీసా గానీ కావాలి. ఒక్కో మనిషి బట్టలు విడిగా పెట్టాలి. కలిపి కడితే ఒకదాని నూనె ఇంకోదానికి అంటుతుంది, అప్పుడు దొరికినా కోర్టులో నిలవదు. సరిగ్గా వస్తే ల్యాబ్‌లో రసాయనాలను విడదీసి గుర్తుపట్టే జీసీ-ఎంఎస్ యంత్రం చుక్కలో చిన్న వంతును కూడా పట్టేస్తుంది. పాలిస్టర్ కాలితే దానికదే కొన్ని రసాయనాలు వదులుతుంది కాబట్టి, పోల్చడానికి నూనె తగలని అలాంటి గుడ్డ ముక్క కూడా పంపాలి.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 176(3), ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు సంఘటనా స్థలానికి రావాలంటోంది. అందుకు రాష్ట్రాలకు ఐదేళ్ల గడువుంది. అందాకా మా అచ్చంపేట, నాగర్‌కర్నూల్, మిర్యాలగూడ స్టేషన్లలో మూట కట్టేది కానిస్టేబులే. ఆయనకు డబ్బాలు ఇప్పించండి, ఒక్క పూట నేర్పించండి. కాలిన గాయాల వార్డుల్లోనూ ఇవే డబ్బాలు ఉండాలి, అక్కడ బట్టలు కత్తిరించి చెత్తబుట్టలో వేస్తున్నారు. 'దొరకలేదు' అంటే 'వాడలేదు' అని అర్థం కాదన్న ఒక్క వాక్యం రిపోర్టులో రాయించండి. మా కేసులో ఎదుటి లాయరు ఆ ఒక్క మాట పట్టుకునే వాదించారు.

ఇట్లు,
ఒక అన్న