మంచినీళ్లనూ మోరీ నీళ్లనూ వేరు చేయండి: నీటి సరఫరా ఉన్నతాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన నీటి సరఫరా ఉన్నతాధికారి గారికి,

హన్మకొండ వాసులం నమస్కరించి రాస్తున్నాం.

అర్జీలు పెట్టి పెట్టి అలసిపోయాకే ఈ లేఖ రాయాల్సి వచ్చింది. ప్రజావాణిలో ఇచ్చాం, వార్డు ఆఫీసులో ఇచ్చాం, ఫోన్లో ఫొటోలు, వీడియోలు తీసి పంపాం. కొన్నాళ్లకు ఒక మెసేజ్ వస్తుంది: "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది." ఎవరు వచ్చి చూశారు, ఏం బాగు చేశారు అని అడిగితే చెప్పేవాళ్లు ఉండరు. ఆ మెసేజ్ వచ్చిన మర్నాడు పొద్దున కూడా నల్లా తిప్పితే ముందు మోరీ వాసనే వచ్చింది సార్.

ఈ వాసన గురించి కాస్త వివరంగా చెప్పనివ్వండి. అర్జీలో ఒక్క లైను రాస్తే మీ ఆఫీసులో అది చిన్న సంగతిగా కనిపిస్తున్నట్టుంది. నీళ్లు వదిలిన మొదటి పది, పదిహేను నిమిషాలు పచ్చగా, నల్లటి నలుసులతో వస్తాయి. ఆ నీళ్లన్నీ పారబోస్తాం. తర్వాత తేటగా కనిపిస్తాయి గానీ, తేటగా ఉన్నంత మాత్రాన మంచి నీళ్లే అని మాకు నమ్మకం లేదు. ఈలోగా నీళ్లు వచ్చే టైమ్ సగం అయిపోతుంది. గల్లీ చివరి ఇళ్లకు ధార సన్నబడుతుంది. అక్కడివాళ్లు లైనుకే మోటారు పెట్టి గుంజుకుంటారు. మోటారు పెట్టడం తప్పని వాళ్లకూ తెలుసు. కానీ పెట్టకపోతే బిందె నిండదు.

పైపులో నీళ్లు ఒత్తిడితో ఉన్నంతసేపు, పగులు ఉంటే నీళ్లు బయటికి కారతాయి. సరఫరా ఆపగానే పైపు ఖాళీ అవుతుంది, అదే పగులులోంచి బయటి మురికి లోపలికి వస్తుంది. మోటారు గుంజితే ఇంకా ఎక్కువ వస్తుంది. మా దగ్గర ఇళ్ల కనెక్షన్లు చాలావరకు మోరీలోంచే పోతున్నాయి. కొన్ని పైపులు రోజంతా మురుగులో మునిగే ఉంటాయి. ఇదంతా మీ ఇంజినీర్లకు మాకంటే బాగా తెలుసు. అందుకే మాకు బాధ. తెలియక జరిగేదైతే ఇంత బాధ ఉండేది కాదు.

పోయిన వానాకాలంలో ఒకసారి మాత్రం మనుషులు వచ్చారు. గుంత తవ్వి, పగిలిన చోట రబ్బరు ట్యూబు చుట్టి, తీగతో బిగించి, మట్టి కప్పి వెళ్లారు. వాళ్లను మేం ఏమీ అనడం లేదు. మురుగులో మోకాళ్ల దాకా దిగి పని చేశారు పాపం. వాళ్లకు కొత్త పైపు ఇచ్చినవాళ్లు లేరు, ఇవ్వమని అడిగే అధికారం వాళ్లకు లేదు. ఆ పెద్ద వానలకే మా పక్కింటి పిల్లాడికి కామెర్లు అయ్యాయి. ఆ నీళ్ల వల్లే అని నిరూపించే శక్తి మాకు లేదు. కానీ డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న మాత్రం, "ఏ నీళ్లు తాగుతున్నారు?" అనే. ఆ తల్లి ఏం జవాబు చెప్పాలి సార్?

కాచి తాగమని మీ వాళ్లు సలహా ఇస్తారు. తాగే నీళ్లు కాచుకుంటాం సరే. పళ్లు తోముకునే నీళ్లు, కూరగాయలు కడిగే నీళ్లు, గిన్నెలు తొలిచే నీళ్లు ఎవరు కాస్తారు? కాచే ఓపిక లేనివాళ్లు ఇరవై లీటర్ల క్యాన్ కొనుక్కుంటున్నారు. పింఛను మీద బతికే ముసలివాళ్లు కూడా నెలంతా క్యాన్లకు కట్టి, నల్లా బిల్లు వేరే కడుతున్నారు.

నల్లా దగ్గర లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని తాగునీటి ప్రమాణం చెబుతోంది. వాటర్ ట్యాంకు దగ్గర పరీక్ష చేస్తే అంతకంటే ఎక్కువే కనిపించవచ్చు. దారిలో మోరీ నీళ్లు కలిస్తే ఆ క్లోరిన్ అంతా ఆ మురికితోనే ఖర్చయిపోతుంది. అందుకే ట్యాంకు దగ్గరి రిపోర్టు చూపించి అంతా బాగుందని అంటే మేం ఒప్పుకోలేం.

ఈ నీళ్లు మా దాకా రావడానికి ఎంత ఖర్చవుతుందో మీకు చెప్పాలా? గంగారం దగ్గర గోదావరి నుంచి దేవాదుల ఎత్తిపోతల పథకం పంపులతో ఎత్తి, భీంఘన్‌పూర్, పులకుర్తి మీదుగా ధర్మసాగర్ రిజర్వాయర్‌కు తెస్తున్నారు. మిషన్ భగీరథలో కార్పొరేషన్లకు మనిషికి రోజుకు 150 లీటర్లు అన్నారు. 2021లో నగరానికి ఇక రోజూ నీళ్లని ప్రకటించారు. అంత దూరం నుంచి, అంత కరెంటు ఖర్చు పెట్టి తెచ్చి, శుద్ధి చేసిన నీళ్లు మా గల్లీ మలుపులో పాడవుతున్నాయి.

చెరువుల విషయంలోనూ ఇదే జరుగుతోంది. భద్రకాళి చెరువు కాకతీయుల నాటిది, ఏళ్ల తరబడి ఈ ఊరికి తాగునీళ్లిచ్చింది. చుట్టుపక్కల కాలనీల మురుగు దాంట్లో కలిసి గుర్రపుడెక్క అల్లుకుంది. 2023 జులై వానలకు పోతన నగర్ వైపు కట్టకు గండి పడింది. 2024 నవంబర్‌లో చెరువు ఖాళీ చేయడం మొదలుపెట్టి, ఆ తర్వాత పూడిక తీయడానికి దిగారు. మంచి పనే, మేం సంతోషించాం. కానీ మురుగు వచ్చే దారులు మూయకుండా మట్టి ఒక్కటే తీస్తే ఎన్నాళ్లు ఆగుతుంది? మురుగు రోజూ వస్తుంది కదా. నీటి వనరుల్లోకి మురికి వదలకూడదని 1974లోనే చట్టం వచ్చింది. నగరమంతటికీ భూగర్భ డ్రైనేజీ అన్న మాట ఎన్నేళ్లుగానో వింటున్నాం. వడ్డేపల్లి చెరువు గురించి కూడా మాకు అదే భయం.

చెరువులోనైనా, పైపులోనైనా మేం అడిగేది మంచినీళ్లను మోరీ నీళ్లతో కలవనివ్వొద్దని. మోరీలోంచి పోయే ఇంటి కనెక్షన్లను పైకి తీయించండి. ట్యూబులు చుట్టిన చోట్ల కొత్త పైపులు వేయించండి. భూగర్భ డ్రైనేజీ వచ్చేదాకా ఆగమని మాత్రం దయచేసి చెప్పకండి, పిల్లలు ఈ నీళ్లు ఇవాళే తాగుతున్నారు. ఫిర్యాదు చేసిన మనిషి సంతకం లేకుండా ఏ ఫిర్యాదూ పరిష్కారమైనట్టు రాయొద్దని ఆర్డర్ వేయండి. కొత్త పైపులకు నిధులు లేవంటే ఆ మాటే రాతపూర్వకంగా ఇవ్వండి, మేం పైకి వెళ్లి అడుగుతాం.

అన్నిటికంటే ముందు, ఈ వారంలోనే ఒక పొద్దున నీళ్లు వదిలే టైమ్‌కు మీరే స్వయంగా రండి. ట్యాంకు దగ్గరికి కాదు, మా గల్లీ చివరి ఇంటికి. మొదటి బిందె నీళ్లు మీ ఎదుటే పరీక్ష చేయించి, ఎంత క్లోరిన్ ఉందో వార్డు ఆఫీసు బోర్డు మీద రాయించండి.

ఇట్లు,
నల్లా బిల్లు బకాయి లేని కాలనీవాసులు,
హన్మకొండ