తూర్పు గోదావరి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారం.

2021 జూన్ 21 నుంచి రాష్ట్రంలోని మిగతా 12 జిల్లాల్లో కరోనా కర్ఫ్యూ సడలింపు సాయంత్రం 6 దాకా ఉంటే, పాజిటివిటీ రేటు (టెస్టు చేసినవాళ్లలో కరోనా తేలినవాళ్ల శాతం) 5 శాతం దాటిందని మన జిల్లాలో మధ్యాహ్నం 2 గంటలకే ఆపేశారు. కారణాన్ని కాదనడం లేదు. కానీ మా వీధి చివర బజ్జీల బండి నడిపే ఆవిడకు బేరమంతా సాయంత్రమే. కర్ఫ్యూ మొదలైన మే 5 నుంచి ఆ మూకుడు బోర్లించే ఉంది. బండి చక్రాల చుట్టూ గడ్డి మొలిచింది. కట్టడి ఇంకా పెంచుతారేమోనని ఆవిడకు రోజూ టెన్షన్. మేమిచ్చిన రెండు అర్జీలకూ జవాబు రాలేదు.

ఏ మండలంలో ఎన్ని టెస్టులు చేశారో, ఎందరికి పాజిటివ్ వచ్చిందో రోజూ గ్రామ సచివాలయం బోర్డు మీద పెట్టించండి. కేసులు తగ్గిన మండలాల్లో సాయంత్రం 6 దాకా అనుమతించండి. కట్టడి తప్పదంటే ముందు బండ్లవాళ్ల ఇళ్లకు బియ్యం, పప్పు చేర్పించండి.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక పౌరుడు