థార్ తెచ్చేముందు ఒక మాట

ఒరేయ్ బావా,

నీ థార్ జీపు ఫోటోలు చూశాను. ఎర్రరంగు అదిరింది. అత్తయ్య బానెట్ మీద పసుపు కుంకుమ పెడుతున్న ఫోటో ఇంకా బాగుంది. దసరాకి బెంగళూరు వస్తానన్నావు, కర్ణాటక పడమటి కనుమల్లోని సకలేశ్‌పూర్ కొండలెక్కుదామన్నావు. తప్పకుండా వెళ్దాం. కాకపోతే "మట్టిదారిలో దాని సత్తా చూపిస్తా" అన్నావు చూడూ, ఆ మాట గురించే తీరిగ్గా రాయాలనిపించింది.

ఇక్కణ్ణుంచి నెలమంగల, హాసన్ మీదుగా దాదాపు 220 కిలోమీటర్లు. తారు రోడ్డు దిగాక కనిపించే దారులు మన సరదా కోసం వేసినవి కావురా. కాఫీ తోటల్లో కూలికెళ్ళేవాళ్ళు నడిచేవి, మేతకెళ్ళిన ఆవులు ఇంటికొచ్చేవి. మనం ఆదివారం రాత్రికి వెనక్కొచ్చేస్తాం, వాళ్ళు సోమవారం పొద్దున్నే మళ్ళీ ఆ దారినే పోవాలి.

ఒక బురదగుంట ఉందనుకో. ముందు బండి మధ్యలోంచి పోతుంది. వెనకవాడు బురదెందుకని పక్కన గడ్డి మీద ఎక్కిస్తాడు. మూడోవాడు ఇంకా పక్కకి. గడ్డి వేళ్ళు తెగాక మట్టిని పట్టి ఉంచేది ఏదీ ఉండదు. వాన పడితే నీళ్ళు ఆ టైర్ల చాళ్ళలోకే దిగి కోసుకుంటూ పోతాయి. అలా మోకాలి లోతు కాలవలా మారిన దారి ఒకటి నేను చూశాను. నెత్తిన కట్టెలమోపుతో ఒకావిడ ఆ గట్టు అంచున, ఒక చేత్తో పొదల్ని పట్టుకుని, అడుగు చూసి అడుగేస్తూ దిగుతోంది. ఆ దారిని పాడుచేసిన బండ్లలో ఒక్కటీ ఆమెది కాదు. నాకు చాలా కోపమొచ్చింది.

అందుకే గుంట కనిపిస్తే దిగు, కర్రతో లోతు చూడు, దాటగలిగితే మధ్యలోంచే దాటు. లేదా వెనక్కి తిప్పు, అందులో నామోషీ ఏమీ లేదు. కొండ మీది పచ్చికబయళ్ళలోకి మాత్రం టైరు పెట్టొద్దు. వాన నీటిని పీల్చుకుని వాగులకి మెల్లగా వదిలేవి అవే. సకలేశ్‌పూర్ పక్కనుంచి పారే హేమావతి కావేరిలో కలుస్తుంది, ఇక్కడ మా కుళాయిలో వచ్చేవి కావేరి నీళ్ళే. వాగులో బండి కడగొద్దని నేను అంత గట్టిగా చెప్పేది కూడా అందుకే.

నడపడంలో అసలు పనితనమంతా నిదానంలో ఉంది. టైర్లలో గాలి 20 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా తగ్గిస్తే పట్టు పెరుగుతుంది, చక్రం ఊరికే తిరిగి మట్టిని చిమ్మదు. తారు రోడ్డెక్కేముందు మళ్ళీ నింపుకోవాలి, కాబట్టి గాలి కొట్టే కంప్రెసర్ తెచ్చుకో. వాలు దిగేటప్పుడు ఫోర్-లో (నాలుగు చక్రాలకీ బలమిచ్చి బండిని నెమ్మదిగా నడిపే గేరు) వేసి మొదటి గేరులో ఇంజన్ మీద వదిలేయ్, ఊరికే బ్రేకు తొక్కకు. ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. ఇది మర్యాదే కాదు, 2017 డ్రైవింగ్ నిబంధనల్లోనూ ఉంది. మనుషులో పశువులో ఎదురైతే పక్కకి తీసి ఇంజన్ ఆపెయ్. హారన్ కొడితే ఆవు బెదిరి లోయ వైపు దూకొచ్చు.

ఇంకోటి, ఇది ప్రాణాల మీదికొచ్చే సంగతి. బండి ఇరుక్కుంటే వెనకాల ట్రైలర్ తగిలించే టో బాల్‌కి తాడు కట్టి లాగనివ్వకు. ఆ గుండు విరిగితే తూటాలా వచ్చి తగులుతుంది. బండికి గట్టిగా బిగించిన హుక్కులకే కట్టాలి, జనాన్ని దూరంగా నిలబెట్టాలి.

అడవిలోకి అనుమతి లేకుండా వెళ్ళం, తోటల్లోకి యజమానిని అడగకుండా వెళ్ళం. ఆ చుట్టుపక్కల ఏనుగులు తోటల్లోకే వచ్చేస్తుంటాయి, కాబట్టి చీకటి పడకముందే బసకి చేరిపోవాలి. ఈ విషయంలో నీ మాట వినను.

దసరాకి అక్కడ నేల ఇంకా తడిగానే ఉంటుంది. డిసెంబరుకి మార్చుకుంటావా? అప్పటికి నేల గట్టిపడుతుంది. కాకపోతే కాఫీ కోతలు మొదలై దారుల్లో జనం, పికప్‌లు ఎక్కువుంటాయి, ఆగి ఆగి వెళ్దాం. సెలవు ఖాయం కాగానే చెప్పు, బసకి నేను ఫోన్ చేస్తాను. అత్తయ్యని అడిగానని చెప్పు, గోంగూర పచ్చడి మాత్రం మర్చిపోకు.

నీ
బావ