క్లిప్పింగ్ మీద తేదీ, ఎడిషన్ ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డు ధరలు జిల్లా పేజీలో రాగానే ఆ పట్టికను కత్తిరించి ఊరూరి వాట్సాప్ గ్రూపుల్లో పెడుతున్నారు. పత్రిక వేయించుకోని ఇంటికీ వార్త చేరుతోంది, సంతోషమే. కానీ పత్రిక పేరు, తేదీ, పేజీ నంబరు పేజీ నెత్తిన ఉంటాయి. కత్తిరించేది మాత్రం కింద ఉన్న పట్టికను. నాలుగు రోజుల కిందటి తేజ రకం ధర చూసి మహబూబాబాద్ వైపు రైతు డీసీఎం వ్యాను మాట్లాడుకొని వస్తే, కిరాయి భారం పడేది ఆయన మీదే.

జెండా పాటతో ఇంకో చిక్కు. అది ఆ రోజు మేలైన సరుకుకు పలికిన ధర. రంగు తగ్గినా, తేమ ఉన్నా, తాలు కాయ కలిసినా ఆ ధర రాదు. అచ్చు పట్టికలో కనిష్ఠ, గరిష్ఠ ధరలు పక్కపక్కన ఉంటే రైతు తన సరుకు ఎక్కడ నిలుస్తుందో అంచనా వేసుకుంటాడు. అదే వార్త వీడియో అయ్యేసరికి థంబ్‌నెయిల్ మీద ఒక్క పెద్ద అంకె మిగులుతోంది. రకం పేరు, కనిష్ఠం, గరిష్ఠం, ఎక్కువ బస్తాలు అమ్ముడైన ధర, వీటితోపాటు తేదీ కూడా పట్టిక లోపలే, మొదటి గడిలోనే ఉండాలి. అప్పుడు ఎవరు ఎలా కత్తిరించినా తేదీ వెంట వెళ్తుంది.

ఎడిషన్ పేరు కూడా అంతే అవసరం. 2016లో ఉమ్మడి వరంగల్ జిల్లా విడిపోయింది, 2019లో ములుగు వేరే జిల్లా అయింది. ములుగు పేజీలో వచ్చిన వార్తను హనుమకొండ ఈ-పేపర్‌లో వెతికి, దొరక్కపోతే ‘ఇది ఫేక్’ అని గ్రూపులో పెట్టేస్తున్నారు. నిజమైన వార్తే అబద్ధమైపోతోంది. మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుంది. కిందటి జాతర నాటి వన్‌వే, పార్కింగ్ వివరాలు తేదీ లేకుండా తిరిగితే బండ్లు తప్పుదారి పడతాయి.

ఈ-పేపర్‌లో క్లిప్ బటన్ నొక్కగానే పత్రిక పేరు, తేదీ, ఎడిషన్, పేజీ నంబరు బొమ్మలోనే ఒక పట్టీగా పడేలా చేయొచ్చు. కింద ఆ పేజీకే తీసుకెళ్లే క్యూఆర్ కోడ్ ఉండాలి. లాగిన్ అడిగే లింకు, కొన్నాళ్లకు తెరుచుకోని లింకు అయితే అది పెట్టీ లాభం లేదు. వాట్సాప్ మామూలుగా ఫొటోను కుదించి పంపుతుంది కాబట్టి పేజీ మొత్తం పంపితే ఒత్తులు అలికినట్టవుతాయి, 3 ఏదో 8 ఏదో తెలియదు. పట్టీలో అక్షరం పెద్దదిగా ఉండాలి.

ధరలు బొమ్మగానే కాక వెబ్‌సైట్లో యూనికోడ్ అక్షరాలుగానూ (ఫోన్లో టైపు చేసే మామూలు అక్షరాలు) ఉంటేనే వెతికితే దొరుకుతాయి. అను ఫాంట్లలో కూర్చిన పాత పేజీలతో ఇదే ఇబ్బంది. ఆ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చుకున్నాయి. పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే అర్థంకాని గీతలు, గుర్తులే వస్తాయి. కన్వర్టర్లు ఉన్నాయి గానీ ఒత్తులు, గుణింతాలు అక్కడక్కడా తారుమారవుతాయి. మనిషి ఒకసారి చదివి సరిచూడక తప్పదు.

ఇక సవరణ. అచ్చులో తప్పు దొర్లితే మర్నాడు సవరణ వేస్తారు. వెబ్‌సైట్లో చడీచప్పుడు లేకుండా మార్చేయడం సరికాదు, ఏం మార్చారో, ఎన్ని గంటలకో వార్త పైనే రాయాలి. యూట్యూబ్‌లో అదే లింకు మీద వేరే వీడియో ఎక్కించడం కుదరదు. కాబట్టి శీర్షికలోనూ, పిన్ చేసిన కామెంట్‌లోనూ సవరణ కనిపించాలి. వాట్సాప్ చానెల్‌లో పోస్టు దిద్దినా, అప్పటికే చేతులు మారిన ఫొటో మారదు. పాత క్లిప్పింగ్ మీదే ‘సవరణ’ అని అడ్డంగా ముద్ర వేసి మళ్లీ పంపాలి.

కాగితం ఎక్కడ, ఎవరు అచ్చేశారో దాని మీదే చెప్పాలన్న నియమం, 2024లో కొత్త చట్టం వచ్చేదాకా అమల్లో ఉన్న 1867 నాటి చట్టంలోనే ఉండేది. ఫోన్లో తిరిగే ముక్కకూ ఆపాటి ఆనవాలు ఉండాలని అడగడం పెద్ద కోరిక కాదు. అన్ని పేజీలకూ ఒకేసారి కుదరకపోతే, కొత్త మిర్చి యార్డుకు వచ్చేలోపు ధరల పట్టికతోనైనా మొదలుపెట్టండి.

– ఒక పాఠకుడు, హనుమకొండ