కావలి అక్కకు, నా ప్రాజెక్టును ఒడ్డున పడేసిన మరికొందరికి

ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ ప్రాజెక్టు సబ్మిట్ చేసేశాను. సంతకాలు అయ్యాయి, బైండింగ్ కూడా బాగానే వచ్చింది. రిపోర్టులో కృతజ్ఞతల పేజీ ఒకటి ఉంది గానీ, అందులో గైడ్ గారు, హెచ్‌ఓడీ గారు, ప్రిన్సిపాల్ గారు అని వరసగా రాసుకుంటూ పోవడమే ఆనవాయితీ. నా పనిని నిజంగా గట్టెక్కించిన మనిషికి ఆ పేజీలో చోటు లేదు. పేరు పెట్టొద్దని ఆమే గట్టిగా చెప్పింది కాబట్టి ఇక్కడ కూడా కావలి అక్క అనే రాస్తున్నాను.

నా టాపిక్ రొయ్యల్లో వచ్చే తెల్లమచ్చల జబ్బు. నెల్లూరు తీరంలో పుట్టినవాళ్ళకు దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. దీన్ని తెచ్చే వైరస్ మన దేశంలో 1994లో బయటపడింది. అప్పటి టైగర్ రొయ్య పోయి వనామీ అనే రకం వచ్చినా, వైట్ స్పాట్ అనే మాట వింటే గుంట గట్టు మీద ఎవరికైనా టెన్షనే. ఈ వైరస్ పైపొరలో వీపీ28 అనే ప్రోటీన్ ఉంటుంది. దాని ఆకారాన్ని 2007లో ప్రచురించారు. ప్రోటీన్ల ఆకారాలు దాచిపెట్టే ప్రోటీన్ డేటా బ్యాంక్ (పీడీబీ) సైట్‌లో 2ఈడీ6 అని కొడితే వస్తుంది. మూడు అమైనో ఆమ్లాల గొలుసులు కలిసి ఒక గుంపుగా నిలబడే ప్రోటీన్ అది. నేలవేములో ఉండే ఆండ్రోగ్రాఫోలైడ్ అనే అణువు దానికి ఎక్కడ అతుక్కోవచ్చో కంప్యూటర్‌లో చూడటమే నా పని. దీన్నే డాకింగ్ అంటారు. (మా వీధిలో "అమ్మాయి రొయ్యలకు మందు కనిపెట్టింది" అని ప్రచారం మొదలైంది. కనిపెట్టలేదు బాబోయ్! ఇది కంప్యూటర్ అంచనా మాత్రమే. నేలవేము కషాయం తెచ్చి ఎవరూ గుంటలో పోయకండి.)

డాకింగ్ వరకు సాఫీగానే జరిగింది. ప్రోటీన్ ఆకారాన్ని అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్ ఇచ్చిన ఒంటి గొలుసు మీద డాకింగ్ చేసి, దాన్ని అణువుల ఆకారాలు చూపించే కైమెరా సాఫ్ట్‌వేర్‌లో మూడు గొలుసుల గుంపు మీదికి జరిపి సరిగ్గా కూర్చోబెట్టాను. మందు అణువు (అదే, ఆండ్రోగ్రాఫోలైడ్) కూడా దాంతోపాటే జరిగింది. తెరమీద అంతా ముద్దుగా ఉంది. సేవ్ చేసి, బంధాల బొమ్మ గీసే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే అణువు ప్రోటీన్‌కు ఎక్కడో దూరంగా గాల్లో తేలుతోంది. రిపోర్టులో ఆ బొమ్మ లేకపోతే చాప్టరే లేదు. అడిగినవాళ్ళంతా "డాకింగే తప్పు, మళ్ళీ చెయ్" అన్నారు.

స్నేహితురాలి ద్వారా కావలి అక్క నంబరు దొరికింది. ప్రస్తుతం హైదరాబాదులో పీహెచ్‌డీ చేస్తోంది. నేనెవరో తెలియదు, అయినా రాత్రి భోజనాలయ్యాక ఫోన్ ఎత్తింది. నా గోడు మొత్తం విని, "డాకింగ్ జోలికి పోబాక. ముందు ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరువు మే" అంది.

ఇదే నాకు ఎవరూ చెప్పని సంగతి. ప్రోటీన్ ఆకారాన్ని దాచే ఈ పీడీబీ ఫైలంటే బొమ్మ కాదు, ఒక్కో పరమాణువుకు ఒక్కో వరస రాసిన మామూలు టెక్స్ట్. ప్రతి వరసలో 22వ అక్షరం గొలుసు పేరు. 31 నుంచి 54 దాకా ఆ పరమాణువు ఉండే చోటును చెప్పే మూడు అంకెలు. అక్క నా చేత పాత ఫైలు, సేవ్ చేసిన ఫైలు పక్కపక్కన పెట్టించి, మందు అణువులోని ఒక ఆక్సిజన్ వరసను పైకి చదివించింది. రెండిట్లోనూ అవే అంకెలు! నేను తెరమీద అంత దూరం జరిపినా ఫైలులో ఒక్క అంకె కదల్లేదు.

"కదలదు కూడా. జరిపినప్పుడు కైమెరా ఆ జరుపుడును విడిగా గుర్తుపెట్టుకుంటుంది, అసలు అంకెల్ని ముట్టుకోదు. సేవ్ చేసేటప్పుడు ఫలానా మోడల్‌కు (అందులో తెరిచిన ఒక్కో ఆకారం ఒక్కో మోడల్) సాపేక్షంగా రాయమని గడిలో టిక్ పెట్టకపోతే పాత అంకెలే రాస్తుంది" అని చెప్పింది అక్క.

ఇంకో చిక్కు కూడా ఆమే పట్టుకుంది. రెండు మోడళ్ళను ఎంచుకుని ఒకే ఫైలులో సేవ్ చేసినంత మాత్రాన అవి ఒక్కటైపోవు. లోపల మోడల్ 1, మోడల్ 2 అని విడివిడి భాగాలుగానే ఉంటాయి. చాలా సాఫ్ట్‌వేర్లు మొదటి భాగం చదివి ఊరుకుంటాయి. అందుకని మోడల్ ప్యానెల్‌లో కంబైన్ వాడి, ఏ మోడల్ కొలతల్లో ఉండాలో అక్కడ చెప్పి, కొత్తగా ఒకే మోడల్ పుట్టించి, దాన్ని మాత్రమే పీడీబీగా సేవ్ చేయాలి. గుంపులోనూ "A" అనే గొలుసు, నా మోడల్‌లోనూ "A" అనే గొలుసు ఉన్నాయి కదా, కలిపేటప్పుడు కైమెరా ఒకదానికి వేరే అక్షరం ఇస్తుంది. "ఏ అక్షరం ఇచ్చిందో రాసిపెట్టుకో, తర్వాత బొమ్మ గీసేటప్పుడు వెతుక్కోకుండా ఉంటావు" అంది.

రంగులు, లేబుళ్ళు పీడీబీలో నిలవవు కాబట్టి తెరమీదున్నదంతా ఉన్నదున్నట్టు దాచే కైమెరా సెషన్ ఫైలు కూడా విడిగా దాచిపెట్టించింది. అంతటితో వదల్లేదు. అణువులోని ఒక ఆక్సిజన్‌కూ దగ్గరి అమైనో ఆమ్లానికీ మధ్య దూరం కొలిపించి, అన్నీ మూసేసి, కొత్త ఫైలు ఒక్కటే తెరిపించి మళ్ళీ కొలిపించింది. అదే దూరం వచ్చాకే "ఇంక పడుకో" అని ఫోన్ పెట్టింది.

అక్కా, నువ్వే చేసి పంపేస్తే నీకు ఐదు నిమిషాల పని. అట్టా చేయకుండా మౌసు నా చేతిలోనే ఉంచావు చూడు, అందుకే నీకు పెద్ద థాంక్స్. వైవాలో ఎక్స్‌టర్నల్ గారు సరిగ్గా ఆ బొమ్మ దగ్గరే ఆగి, "ఈ అణువు ఇక్కడికి ఎట్టా వచ్చింది?" అని అడిగారు. తడబడకుండా చెప్పాను.

ఒంగోలులో మా బాబాయి కొడుకు తన ల్యాప్‌టాప్ ఇచ్చి తను ఫోన్‌తో సరిపెట్టుకున్నాడు, వాడికీ థాంక్స్. ప్రింట్ షాపు అన్న కలర్ పేజీలు సరిగా రాలేదని తనే మళ్ళీ తీసిచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. నాన్న సంగతి ఇక్కడ రాస్తే ఊరుకోడు.

అక్క చెప్పినవన్నీ తెలుగులో రాసి, తెరల ఫోటోలు కలిపి జూనియర్ల గ్రూపులో పెట్టాను. ఎవరికైనా కావాలంటే మెసేజ్ చేయండి. అక్కా, ఫీజేమీ వద్దన్నావు సరే, ఉలవపాడు మామిడిపండ్లు రాగానే ఒక పెట్టె హైదరాబాదు బస్సులో వేయిస్తున్నాను. దానికి మాత్రం వద్దనబాక.