బజ్జీ కింద పత్రిక వద్దు, అడ్డాకు విస్తరి వేయండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం సాయంత్రం మా రాయగడలో ఒక టిఫిన్ హోటల్లో మనవడితో కూర్చుని బజ్జీలు తెప్పించుకున్నాను. వాడు చదివే బడిలో తెలుగు లేదు. ఇంట్లో మీ పత్రిక శీర్షికలు చూపించి నేనే అక్షరాలు నేర్పుతున్నాను. వాడు బజ్జీని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "తాతయ్యా, దీని మీద అక్షరాలున్నాయి, అన్నీ తిరగబడి ఉన్నాయి" అన్నాడు. చూస్తే నిజమే. ప్లేటులో పరిచిన పత్రిక ముక్క మీది పెద్ద అక్షరాల సిరా వేడి నూనెకు కరిగి, శనగపిండి మీద నల్లగా అచ్చు దిగింది. వాడి చేతిలోంచి లాక్కున్నాను. వాడు ఏడుపు మొదలుపెట్టాడు. ఆ కాగితం ముక్క మీ పత్రికదే. అందుకే ఈ లేఖ మీకు రాస్తున్నాను.

పత్రిక కాగితంలో తినుబండారాలు పెట్టవద్దని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2016లోనే హెచ్చరించింది. 2018లో వచ్చిన ప్యాకేజింగ్ నిబంధనలు దాన్ని నిషేధంగానే మార్చాయి. 2023 సెప్టెంబరులో అదే సంస్థ మరోసారి అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ కలిపి విజ్ఞప్తి చేసింది. అచ్చు సిరాలో రంగులు, రసాయనాలతోపాటు సీసం వంటి భారలోహాలు ఉండవచ్చని, నూనె తగిలితే అవి తిండిలోకి దిగుతాయని చెప్పింది. పైగా ఆ కాగితం ఎన్ని చేతులు మారి, ఎన్ని నేలల మీద పడి వచ్చిందో! మూడుసార్లు చెప్పిన మాట మా బజారు దాకా ఇంకా రాలేదు. పకోడీ, బరా, సమోసా, ఏది అడిగినా మొదట చేతికొచ్చేది పాత పత్రికే.

కాగితంతో ఆగితే ఇంత బాధపడేవాణ్ని కాదేమో. మరునాడు పొద్దున ఇంకో హోటల్‌కు వెళ్లాను. ఇక్కడి టిఫిన్ అంటే నాకు ప్రాణం. ఇడ్లీకి ఒక పక్క మన కొబ్బరి చట్నీ, మరో పక్క ఒడియావాళ్ల బఠాణీ కూర ఘుగుని. మధ్యాహ్నమైతే పప్పు అడిగినవాడికి పప్పు, కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు డాల్మా అడిగినవాడికి డాల్మా. ఒకే బల్ల మీద రెండు భాషలు భోంచేస్తాయి. ఆ రోజు సర్వరు చుట్టలోంచి ఒక పల్చని పాలిథిన్ పొరను చింపి, స్టీలు ప్లేటు మీద అరచేత్తో అదిమి, పొగలు కక్కే నాలుగు ఇడ్లీలు దాని మీద పెట్టి, పైన సాంబారు పోశాడు. ఇడ్లీ తుంచితే అడుగున అంటుకున్న పొర కూడా సాగుతూ వచ్చింది. ఇదేమిటని గల్లా దగ్గర అడిగాను. "ప్లేటు కడిగే పని ఉండదండీ, చూసేవాళ్లకూ శుభ్రంగా కనిపిస్తుంది" అన్నాడు యజమాని. పార్సిల్ సంగతి చెప్పనే అక్కర్లేదు. మరుగుతున్న సాంబారును పల్చని కవరులో పోసి రబ్బరు బ్యాండు చుట్టి ఇస్తారు. ఇంటికి చేరేసరికి ఆ కవరు మెత్తబడి జావలా ఉంటుంది.

ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు దేశమంతటా 2022 జులై 1 నుంచి నిషేధం. కానీ పళ్లెం నిషేధమని, పళ్లెం మీద పొర నిషేధం కాదని వాదించేవాళ్లకు ఏం చెప్పాలి? వేడికి పాలిథిన్‌లోని రసాయనం ఇడ్లీలోకి దిగేటప్పుడు, అది పళ్లెమా పొరా అని చూసి దిగదు కదా.

మా నాన్నగారు పార్వతీపురం నుంచి వచ్చి ఇక్కడ స్టేషను దగ్గర భోజన హోటల్ నడిపారు. అందులో ఒక్క పూట కూడా కాగితం మీద వడ్డించలేదు. అన్నీ అడ్డాకు విస్తళ్లే. ఈ తరం పిల్లలకు తెలియదేమో, అడ్డ అనేది అడవి చెట్లను అల్లుకుని పైకి పాకే పెద్ద తీగ. ఒడియాలో సియాళి అంటారు. ఆకు అరచేతికన్నా పెద్దది, నడుమ చీలికతో ఆవు గిట్టలా ఉంటుంది. ఆకులను ఒకదాని మీద ఒకటి పేర్చి, సన్నని వెదురు పుల్లలతో గుండ్రంగా కుడతారు. చాటికోన బుధవారం సంతలో డోంగ్రియా కోంధ్ ఆదివాసీ ఆడవాళ్ల దగ్గర నాన్నగారు కట్టలు కట్టలుగా కొని రైల్లో తెచ్చేవారు. కట్టను బిగించిన తాడు కూడా ఆ తీగ నారే. ఎండిన విస్తళ్లను అటక మీద పేర్చి, రేపటికి కావలసినన్ని రాత్రే దించి, నీళ్లు చిలకరించి, తడి గోనెసంచి కప్పేవారు. తెల్లారేసరికి అవి మెత్తబడి ఎటు వంచినా విరిగేవి కావు. వడ్డనకు ముందు ఒక్కొక్క విస్తరిని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, చిల్లు కనిపిస్తే పక్కన పెట్టేవారు. ఆ పని చాలాసార్లు నాకు అప్పగించేవారు కాబట్టి ఆకు ఈనెలు ఇప్పటికీ కళ్ల ముందున్నాయి. వేడన్నం పడగానే ఆకులోంచి ఒక వాసన లేచేది. విజయనగరం బండి దిగినవాళ్లు ఆ వాసనకే సగం ఆకలి తీరిందనేవారు. భోజనాలయ్యాక ఎంగిలాకుల్లో కొన్ని గేదెలకు, మిగిలినవి పెంటకుప్పకు. ఏడాది తిరిగేసరికి అది ఎవరో ఒకరి పొలంలో ఎరువు.

ఇప్పుడు అదే వీధి వెనక చెత్తకుప్ప దగ్గర సాంబారు వాసనకు ఆవులు పాలిథిన్ పొరలను నములుతున్నాయి. వాన పడితే ఆ చెత్త కాలువలోకి, కాలువ నుంచి నాగావళిలోకి పోతుంది. నాగావళి ఇక్కడితో ఆగేది కాదు. తోటపల్లి మీదుగా శ్రీకాకుళం దాటి సముద్రంలో కలుస్తుంది. ఇక్కడ మనం పారేసింది అక్కడ మన చుట్టాల పొలాల దాకా పోతుంది.

హోటల్ యజమానుల కష్టం నాకు తెలుసు, నేను ఆ ఇంట్లో పుట్టినవాణ్ని. ఎంగిలి ప్లేట్లు కడిగే మనిషి దొరకడం లేదు, వేసవిలో నీళ్లకు ఇబ్బంది, కరోనా తరవాత గిరాకీలే స్టీలు ప్లేటును అనుమానంగా చూస్తున్నారు. ఇవన్నీ నిజమే. అడ్డాకు విస్తరికి కడిగే పనీ లేదు, నీళ్ల ఖర్చూ లేదు, ముందు ఒకరు తిన్నారన్న అనుమానమూ లేదు. చారు కారిపోతుందంటారు. అందుకేగా వడ్డించేవాడు అన్నంలో గుంట చేయమనేది! అదీ వద్దనుకుంటే ఆకులను యంత్రంలో వేడిగా అదిమి అంచు లేపిన ప్లేట్లు, గిన్నెలు కూడా ఇప్పుడు వస్తున్నాయి. ఒడిశాలో మహిళా సంఘాలు వాటిని తయారు చేస్తున్నాయి. ధర కాగితం కన్నా ఎక్కువే. పాత పత్రిక కిలోల లెక్కన దొరికే సరుకు, దానితో ఏదీ పోటీ పడలేదు. ఆ తేడాను బిల్లులో కలపండి. ప్లేటు బజ్జీకి ఒక రూపాయి ఎక్కువ ఇవ్వడానికి నాలాంటివాళ్లు వెనకాడరు.

ఆ రూపాయి చేరవలసిన చేతుల గురించి కూడా చెప్పాలి. 2006 అటవీ హక్కుల చట్టం అడవిలో ఆకు, గింజ ఏరుకుని అమ్ముకునే హక్కును ఆదివాసులకు ఇచ్చింది. 2013లో 12 గ్రామసభల్లో గని వద్దని చెప్పి తమ కొండ నియమగిరిని నిలబెట్టుకున్నది ఈ కోంధ్ జనమే. కొండ వాళ్లకు మిగిలింది, ఆకు కోసే హక్కు మిగిలింది, కొనేవాళ్లు తగ్గిపోయారు. బస్తీలో హోటళ్లన్నీ ప్లాస్టిక్ చుట్టలకు మరిగితే ఆ హక్కుతో వాళ్లేం చేసుకోవాలి? కొనేటప్పుడు బేరమాడి సగం ధరకు లాగే అలవాటు కూడా మనం మానుకోవాలి. ఒక విస్తరి కుట్టడానికి ఎంతసేపు పడుతుందో సంతలో ఒక పక్కన కూర్చుని చూసినవాడికి ఆ నోరు రాదు.

మీకు నా విన్నపం ఒకటే. రోజూ మీ పత్రికలో ఎక్కడో ఒక మూల, "ఈ కాగితంలో తినుబండారాలు పెట్టవద్దు, చుట్టవద్దు" అని ఒక్క వాక్యం అచ్చు వేయండి. బజ్జీ పెట్టేవాడి కంట అది పడుతుంది, కనీసం తినేవాడి కంటనైనా పడుతుంది. పురపాలక సంఘం, ఆహార భద్రత అధికారులు ఒకసారి స్టేషను రోడ్డు హోటళ్లకు వచ్చి చూడాలి. జరిమానా వేయకముందు అడ్డాకు విస్తళ్లు ఎక్కడ దొరుకుతాయో చెప్పే కాగితం ఒకటి చేతికివ్వాలి. ఒడిశా ప్రభుత్వ మిషన్ శక్తి పథకంలోని మహిళా సంఘాలకూ హోటళ్లకూ ముఖపరిచయం కల్పించడం జిల్లా యంత్రాంగానికి పెద్ద పని కాదు.

నేను వచ్చే బుధవారం చాటికోన సంతకు వెళ్తున్నాను. మనవడితో బజ్జీలు తిన్న ఆ హోటల్ యజమానితో నిన్న మళ్లీ మాట్లాడాను. రెండు కట్టలు తెచ్చిస్తే వారం రోజులు వాటి మీదే వడ్డించి చూస్తానని ఒప్పుకున్నాడు. ఈ లేఖ చదివిన యజమానులు ఇంకెవరైనా ఉంటే మంగళవారం లోపల మీ స్థానిక విలేకరికి ఒక మాట చెప్పమనండి, వాళ్లకూ తెచ్చిపెడతాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
రాయగడ, ఒడిశా